శరీరానికి ముప్పై తొమ్మిదేళ్ళుట!

ఈ మధ్య రక్తపరీక్షల ప్యాకేజీలమ్మే చాలామంది ఓ కొత్త అంకెని కూడా అంటగడుతున్నారు. దాని పేరు బయొలాజికల్ ఏజ్. శరీర వయసు అందాం. "పుట్టినతేదీ ప్రకారం మీకు 47, కానీ మీ శరీరానికి 39" అంటూ రంగురంగుల రిపోర్టు ఇంటికొస్తుంది. బరువు చూసుకునే మిషన్లూ, చేతికి కట్టుకునే వాచీలూ కూడా ఇలాంటి అంకె ఏదో ఒకటి చూపిస్తున్నాయి. తక్కువొస్తే జనం వాట్సాప్‌లో పెట్టుకుంటారు, ఎక్కువొస్తే ఎవరికీ చెప్పరు. :)

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ అంకె వెనకాల ఉన్న శాస్త్రం బూటకం కాదు. చాలా మంచి శాస్త్రం. కానీ దాన్ని ఒక మనిషికి ఒక అంకెగా చుట్టి అమ్మడం మాత్రం తప్పు అంటాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టండి.

అసలు ఒకే వయసు వాళ్ళు ఒకేలా ఉండరన్న సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన తాతల తరంలో సరైన పుట్టినతేదీ ఉన్నదెవరికి? బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు రాసిందే తేదీ. ఆ కాలం సర్టిఫికెట్లు చూస్తే ఊరంతా జులై ఒకటో తారీకునే పుట్టిందా అనిపిస్తుంది. అయినా ఊళ్ళో ఎవరి వయసూ ఎవరికీ తెలియక ఇబ్బంది పడలేదు. "ఆయనకి షష్టిపూర్తి అయిపోయినా ఇంకా నాగలి పడుతున్నాడు", "పాపం, వాడు నలభైకే వడిలిపోయాడు" అని చూసి చెప్పేసేవాళ్ళు. శాస్త్రవేత్తలు చేస్తున్నదీ అదే పని. కంటితో చూసి చెప్పేదాన్ని కొలిచి చెప్పాలని వాళ్ళ ప్రయత్నం.

ఈ ప్రయత్నం కొత్తదేం కాదు. 1969లో అలెక్స్ కంఫర్ట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త లాన్సెట్ పత్రికలో, మనిషి ఎంత వేగంగా ముసలివాడవుతున్నాడో కొలవడానికి కొన్ని పరీక్షల్ని కలిపి వాడాలని రాశాడు. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. ముసలితనాన్ని నెమ్మదింపజేసే మందు ఒకటి తయారుచేశామనుకోండి. అది పనిచేసిందో లేదో తెలియాలంటే తీసుకున్నవాళ్ళంతా పోయేదాకా ముప్పై నలభై ఏళ్ళు కూర్చోవాలి. అలా కాకుండా నాలుగైదేళ్ళలోనే తేడా చూపించే కొలత ఒకటుంటే పని జరుగుతుంది. గమనించారా? మొదట్నుంచీ ఇది ప్రయోగాల కోసం అనుకున్న కొలత. మీకూ నాకూ రిపోర్టివ్వడానికి కాదు.

అసలు మలుపు 2013లో వచ్చింది. మన కణాలన్నిట్లోనూ డీఎన్‌ఏ దాదాపు ఒకటే. మా భాషలో చెప్పాలంటే సోర్సు కోడు ఒకటే. కానీ ఆ కోడు మీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి. ఏ జన్యువు ఎంత పనిచెయ్యాలో నిర్ణయించడంలో వాటికి పాత్ర ఉంది, కాన్ఫిగరేషన్ సెట్టింగుల్లాగా అన్నమాట. కోడు మారకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ ఈ గుర్తులు మారుతుంటాయి. కొన్నిచోట్ల పెరుగుతాయి, కొన్నిచోట్ల చెరిగిపోతాయి. కాలిఫోర్నియాలో స్టీవ్ హోర్వత్ అనే ఆయన 8,000 నమూనాలు, 51 రకాల కణజాలాలూ కణాలూ తీసుకుని, ఇరవై వేల పైచిలుకు చోట్లలోంచి 353 చోట్లు ఏరి, వాటిని బట్టి మనిషి వయసు చెప్పే సూత్రం తయారుచేశాడు. సగం నమూనాల్లో 3.6 ఏళ్ళకి మించి తేడా రాలేదు. అదే ఏడాది హానమ్ బృందం 656 మంది రక్తంతో, 71 చోట్లతో ఇంకో గడియారం కట్టింది.

వినడానికి మంత్రంలా ఉంటుంది గానీ లోపల ఉన్నది రిగ్రెషనే. ఇంజనీరింగులో మనం చదువుకున్న సరళరేఖ లెక్కకి పెద్దన్నయ్య. వేల చోట్లిచ్చి, "వీటిల్లో దేనికెంత బరువిస్తే వయసు దగ్గరగా వస్తుందో నువ్వే చూసుకో" అని కంప్యూటరుకి చెప్పడం.

ఇక్కడే ఒక తమాషా ఉంది. వయసుని తప్పుల్లేకుండా చెప్పగల గడియారం కడితే ఏమవుతుంది? నా రక్తం చూసి నా పుట్టినతేదీ చెప్తుంది. అది నా పదో తరగతి సర్టిఫికెట్ మీద ఉండనే ఉంది కదా! మనకి కావలసింది ఆ గడియారం తప్పు చెప్పిన భాగం. వయసు 47 అయితే 52 అని చెప్పింది, ఆ అయిదేళ్ళ తేడాలో ఏమైనా జబ్బు సంగతి ఉందా అని. కానీ ఆ తేడాలో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి: నిజంగా శరీరం అరిగిపోవడం, లెక్కలో లోపం, పరీక్షలో పొరపాటు. గడియారం ఎంత కచ్చితంగా పుట్టినతేదీ చెప్తే, మరణాల గురించి అంత తక్కువ చెప్తుందని 2019లో ఒక పెద్ద అధ్యయనంలో తేలింది కూడా. మనం పరీక్ష రాసి నూటికి నూరు తెచ్చుకున్నకొద్దీ చదువు పనికిరాకుండా పోయినట్టు!

ఇది గ్రహించే తర్వాతి తరం వాళ్ళు లెక్క మార్చారు. పుట్టినతేదీని కాకుండా, ఎవరు ముందు పోతారన్నదాన్ని గురిగా పెట్టుకున్నారు. 2018లో మోర్గన్ లెవీన్ బృందం కట్టిన ఫీనోఏజ్ అలాంటిదే. దానికి మొదటి మెట్టు తొమ్మిది మామూలు రక్తపరీక్షలు, వాటికి తోడు పుట్టినతేదీ వయసు. ఆ తొమ్మిదీ ఇవి: ఆల్బుమిన్, క్రియాటినిన్, గ్లూకోజు, సీఆర్‌పీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజు, తెల్ల కణాల సంఖ్య, వాటిలో లింఫోసైట్ల శాతం, ఎర్ర కణాల సగటు సైజు, ఆ సైజుల్లో ఉన్న తేడా. మన ఊళ్ళో ఏ ల్యాబులోనైనా చేసేవే. 2019లో వచ్చిన గ్రిమ్‌ఏజ్ ఇంకో అడుగు ముందుకేసి, మనిషి ఎన్ని సిగరెట్లు కాల్చాడో కూడా మిథైల్ గుర్తుల్నిబట్టే అంచనా కట్టి లెక్కలో కలుపుతుంది. (ఇంట్లో వాళ్ళకి అబద్ధం చెప్పొచ్చు గానీ దీనికి చెప్పలేరు.) దాని పేరు కూడా పాశ్చాత్యుల యముణ్ణి తలుచుకుని పెట్టిందే.

వీటన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది న్యూజిలాండ్ వాళ్ళ పని. డ్యునెడిన్ అనే ఊళ్ళో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని అప్పట్నుంచి ఇప్పటిదాకా వదలకుండా పరీక్షిస్తూనే ఉన్నారు. అందరూ ఒకే ఈడు వాళ్ళు కాబట్టి పుట్టినతేదీ గొడవే లేదు. వాళ్ళలో 954 మందికి 38వ ఏట శరీర వయసు లెక్కగడితే 28 నుంచి 61 దాకా వచ్చింది. 2015లో అచ్చయిన ఫలితం ఇది. తర్వాత వాళ్ళకి 26, 32, 38, 45 ఏళ్ళప్పుడు చేసిన పరీక్షల్లో 19 కొలతలు తీసుకున్నారు. రక్తపోటు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, ఆఖరికి పళ్ళూ చిగుళ్ళతో సహా. వాటిని బట్టి ఎవరు ఎంత వేగంతో అరుగుతున్నారో చూసి, ఆ వేగాన్ని ఒకే రక్తపరీక్షలో పట్టే సూత్రం 2022లో ప్రకటించారు. ఇది "నీ వయసెంత" అని చెప్పదు, "క్యాలెండరులో ఒక ఏడాది గడిస్తే నీకు ఎంత గడుస్తోంది" అని చెప్తుంది. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే మీటరుకీ, ఇప్పుడెంత స్పీడులో వెళ్తోందో చెప్పే మీటరుకీ ఉన్నంత తేడా.

ఇంతవరకూ నాకే పేచీ లేదు. వెయ్యి మంది ఒకవైపు, వెయ్యి మంది ఇంకోవైపు ఉంటే, సగటున ఎవరు ముందు జబ్బుపడతారో ఇవి చెప్పగలుగుతున్నాయి. పేచీ అల్లా వెయ్యి మంది సగటుని పట్టుకొచ్చి ఒక్కడి నెత్తిన పెట్టడంతోనే.

మొదటిది, కొలతలో కుదురు లేకపోవడం. ఒకే మనిషి, ఒకే నమూనా, రెండుసార్లు పరీక్షిస్తే ఏమొస్తుందని 2022లో నేచర్ ఏజింగ్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పేరున్న ఆరు గడియారాల్లో, రెండు కొలతల మధ్య తొమ్మిదేళ్ళ దాకా తేడా వచ్చింది. ఇందులో శరీరం పాత్ర ఏమీ లేదు, ఒట్టి పరికరాల గోల. (అదే బృందం దీన్ని తగ్గించే లెక్క కూడా చూపించింది, అది వేరే సంగతి.) తొమ్మిదేళ్ళు! బజార్లో తక్కెడ కిలోకి రెండొందల గ్రాములు అటూఇటూ ఊగితే మనం ఊరుకుంటామా? పైగా శరీరం కూడా ఊగుతుంది. తుంటి ఎముక విరిగి ఆపరేషనైనవాళ్ళకీ, గర్భిణులకీ, కోవిడ్ ముదిరినవాళ్ళకీ ఈ వయసు పెరిగి, కోలుకున్నాక చాలామందిలో మళ్ళీ తగ్గిందని 2023లో తేలింది. మరి మీ రక్తం తీసిన రోజున మీరెలా ఉన్నారో రిపోర్టులో ఎవరైనా రాస్తున్నారా?

రెండోది, నాకు ఎక్కువ కోపం తెప్పించేది. మా బంధువొకాయన, వరసకి బావ, నలభై ఏడేళ్ళవాడు. ఇలాంటి ప్యాకేజీ ఒకటి చేయించుకుని "చూశావా, నేనిప్పుడు నీకంటే చిన్నవాణ్ణి" అని రిపోర్టు పంపించాడు. మొదటి పేజీలో ఇంత లావు అక్షరాలతో 39 అని ఉంది. నాలుగో పేజీలో, చీమతలకాయలంత అక్షరాల్లో హెచ్‌బీఏ1సీ 7.1 అని ఉంది. అది 6.5 దాటితే షుగరు వ్యాధి కిందే లెక్క. "బావా, నాలుగో పేజీ చూశావా?" అనడిగితే, "అదేదో కొంచెం ఎక్కువుందిలే, మొత్తం మీద ఎనిమిదేళ్ళు తక్కువే కదా, ఇప్పుడు డాక్టరెందుకు" అన్నాడు. ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపించడానికి మా అక్కకి మూడు వారాలు పట్టింది. ఆ అంకె ఆయనకిచ్చింది సమాచారం కాదు, సాకు.

ఇది ఆయన తెలివితక్కువతనం కాదు. ఏ అంకెనైనా నాలుగు విషయాలు కలిపి తయారుచేస్తే, ఒకదాని మంచి ఇంకోదాని చెడుని కప్పేస్తుంది. పైన చెప్పిన తొమ్మిది పరీక్షల లెక్కే చూడండి. షుగరు ఎక్కువున్నా ఆల్బుమిన్ బావుండి, సీఆర్‌పీ తక్కువుంటే మొత్తం వయసు తక్కువే రావచ్చు. మన పదో తరగతి పరీక్ష పెట్టినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. తెలుగులో తొంభై వచ్చినా లెక్కల్లో ఇరవై వస్తే టోటల్ చూసి పాస్ చెయ్యరు, లెక్కల్లోనూ ముప్పై అయిదు రావాల్సిందే. గుండె, మూత్రపిండాలు, కళ్ళ నరాలు టోటల్ చూసి పాసవ్వవు. ఏ సబ్జెక్టు తప్పితే ఆ సబ్జెక్టులోనే పోతాం. 2023 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 5,676 మంది రక్తంలోని ప్రోటీన్లతో అవయవాల వయసు విడివిడిగా లెక్కగడితే, దాదాపు అయిదోవంతు మందిలో ఏదో ఒక అవయవం మాత్రమే మిగతావాటికంటే బాగా ముందు ముసలిదవుతోందని తేలింది. అంటే శాస్త్రం ఒక అంకె నుంచి చాలా అంకెల వైపు వెళ్తుంటే, వ్యాపారం మాత్రం చాలా అంకెల్ని ఒక అంకెలోకి కుదిస్తోంది.

మూడోది, ఎవరి శరీరాలతో ఈ గడియారాలకి కీ ఇచ్చారన్నది. ఫీనోఏజ్ అమెరికా సర్వేలతో కట్టింది. గ్రిమ్‌ఏజ్ మాసచూసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ కుటుంబాలతో కట్టింది. ఇంకోటి న్యూజిలాండ్ ఊరిది. మన శరీరాల సంగతి వేరే. పుణె డాక్టరు యాజ్ఞిక్‌గారు, లండన్ డాక్టరు యుడ్కిన్‌గారు కలిసి 2004లో లాన్సెట్‌లో ఒక ఫొటో వేశారు. ఇద్దరి బీఎమ్ఐ అచ్చంగా ఒకటే, 22.3. కొవ్వు మాత్రం ఆయనకి 9.1 శాతం, మన ఆయనకి 21.2 శాతం. సన్నగా కనపడుతూ లోపల కొవ్వు దాచుకోవడం మన ప్రత్యేకత. మొదటిసారి గుండెపోటు వచ్చేది దక్షిణాసియా వాళ్ళకి సగటున 53 ఏళ్ళకి, మిగతా దేశాలవాళ్ళకి దాదాపు 59కి అని 2007లో అచ్చయిన ఇంటర్‌హార్ట్ లెక్కలు చెప్తున్నాయి. ఐసీఎమ్ఆర్ వాళ్ళు 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల పైన షుగరు రోగులున్నారు. అమెరికావాడి కొలతలతో కుట్టిన చొక్కా మనకి భుజాల దగ్గర సరిపోవచ్చు, పొట్ట దగ్గర మాత్రం కచ్చితంగా సరిపోదు!

నాలుగోది, అంకె తగ్గిస్తామని వచ్చేవాళ్ళు. గుర్తు వేరు, కారణం వేరు. జుట్టు నెరవడం వయసుకి గుర్తే, రంగేస్తే వయసు తగ్గుతుందా? వైద్యంలో ఈ దెబ్బ ఇదివరకే తిన్నారు. మంచి కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళకి గుండెజబ్బులు తక్కువని చూసి, దాన్ని పెంచే టోర్సెట్రాపిబ్ అనే మందు తయారుచేశారు. మంచి కొలెస్ట్రాల్ డెబ్భై శాతం పైన పెరిగింది. మరణాలూ పెరిగాయి. 15,000 మందితో జరుగుతున్న ప్రయోగాన్ని 2006 డిసెంబరులో అర్ధంతరంగా ఆపేయాల్సి వచ్చింది. కొలత బాగుపడింది, మనిషి బాగుపడలేదు. మా ఉద్యోగాల్లో ఇది రోజూ చూసేదే. ఎవరు ఎక్కువ బగ్గులు మూసేస్తే వాళ్ళకి మంచి రేటింగు అనండి, నెల తిరక్కుండా బగ్గులన్నీ మూతబడతాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం అలాగే ఏడుస్తుంది.

అలాగని ప్రయోగాలన్నీ దండగని కాదు. అమెరికాలో క్యాలరీ అని ఒక ప్రయోగం చేశారు. ఊబకాయం లేని 220 మందిని రెండేళ్ళపాటు చూశారు. కొందర్ని 25 శాతం తక్కువ తినమంటే, సుమారు 12 శాతం తగ్గించగలిగారు. (రెండేళ్ళు కడుపు మాడ్చుకోవడం మాటలా మరి!) డ్యునెడిన్ కొలత ప్రకారం వాళ్ళ అరుగుదల వేగం రెండు మూడు శాతం తగ్గింది. ఫీనోఏజ్, గ్రిమ్‌ఏజ్‌లలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. అవే మనుషులు, అదే రక్తం, మూడు గడియారాలు, రెండు జవాబులు. పరిశోధకులు 2023లో ఈ రెండు జవాబుల్నీ పక్కపక్కనే ప్రకటించారు, ఏదీ దాచలేదు. నేనడిగేది ఆ నిజాయితీనే. మీ రిపోర్టులో ఏ గడియారం వాడారో, ఎంత అటూఇటూ ఉంటుందో ఎప్పుడైనా కనపడిందా?

కాబట్టి నా డిమాండ్లు మూడే. ఒకటి, 39 అని వేసేవాళ్ళు పక్కనే "ఇది 33 నుంచి 45 దాకా ఏదైనా కావచ్చు" లాంటి ముక్క కూడా అంతే లావు అక్షరాలతో వెయ్యాలి. రెండు, విడి పరీక్షల్లో ఒక్కటి హద్దు దాటినా మొదటి పేజీలో అదే రావాలి, వయసు ఆ తర్వాతే. మూడు, ఈ అంకె ఇన్సూరెన్సు వాళ్ళ చేతికీ, ఆఫీసు హెచ్ఆర్ చేతికీ వెళ్ళకూడదు. తొమ్మిదేళ్ళు ఊగే తక్కెడతో నా ప్రీమియం తూస్తామంటే ఒప్పుకునేది లేదు. వెల్‌నెస్ ప్రోగ్రాం అని ఆఫీసువాళ్ళు ఉచితంగా చేయిస్తుంటే సంబరపడేవాళ్ళు ఆ రిపోర్టు ఎవరెవరు చూస్తారో ఒకసారి అడగండి.

మరి మనమేం చూసుకోవాలి? ఖరీదైనవేమీ కాదు. బీపీ, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, నడుము చుట్టుకొలత. ఒక్కొక్కటీ విడివిడిగా, ఏడాదికోసారి, కాగితం మీద పక్కపక్కన రాసుకుంటూ. ఈ ఏటి అంకె కంటే అయిదేళ్ళ వరస ఎక్కువ చెప్తుంది. వీటికి తోడు చేతి పట్టు. మనదేశంతో సహా 17 దేశాల్లో సుమారు 1.4 లక్షల మందిని పరీక్షించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, పట్టు అయిదు కిలోలు తగ్గితే చావు ముప్పు 16 శాతం ఎక్కువుందని తేలింది. పై బీపీ కంటే పట్టే బాగా ముప్పుని సూచించిందట. ఇది కూడా గుర్తే సుమా. స్ప్రింగు కొనుక్కుని పిసుక్కుంటూ కూర్చుంటే సరిపోదు, ఒళ్ళంతా కదలాలి.

ఇహ ఆఖరుగా ఒక మాట. శరీరాలు ఎందుకు ముందుగా అరుగుతాయన్నదానికి మన దగ్గరే ఒక మంచి సాక్ష్యముంది. హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987-90 మధ్య, కొన్ని ఊళ్ళలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు పోషకాహారం అందింది, కొన్ని ఊళ్ళలో అందలేదు. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళూ, వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళూ ఆ పిల్లల్ని 13-18 ఏళ్ళ వయసులో మళ్ళీ పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. తిండి అందిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అంతకంటే ముఖ్యంగా, వాళ్ళ రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. అంటే పదిహేనేళ్ళకే రక్తనాళాల వయసు తేడా వచ్చేసింది, అదీ అమ్మ కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ అందిన తిండి వల్ల.

వేలు పోసి వయసు కొలిపించుకునే మనకంటే ఆ అంగన్‌వాడీ గిన్నె దగ్గరే ఈ శాస్త్రానికి ఎక్కువ పనుందని నా నమ్మకం. ఏ పథకం, ఏ తిండి, ఏ మందు నిజంగా పనిచేస్తోందో ముప్పై ఏళ్ళు ఆగకుండా చెప్పగలిగితే దానికంటే కావలసిందేముంది? కంఫర్ట్ 1969లో అడిగిందీ అదే కదా. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టొస్తే మాత్రం మొదటి పేజీ తిప్పేసి నాలుగో పేజీ నుంచి చదవమని చెప్పండి.

ఏమంటారు?